పిలుపు

“నాన్నా!” అని మళ్లీ అరిచింది డబ్బింగ్ అమ్మాయి. అద్దం అవతల దర్శకుడు పెదవి విరిచాడు.

“పిలుపు గొంతులోంచి వస్తోంది గానీ కడుపులోంచి రావడం లేదమ్మా. ఈ షాట్‌లో హీరోయిన్ మొహం కనపడదు. పెదాల సంగతి వదిలేసి, మీ ఇంట్లో ఎలా పిలుస్తావో అలా పిలువు.”

ఆమె అద్దంలోంచి అటు చూసింది. దర్శకుడి వెనక కుర్చీలో ముసలాయన ఒద్దికగా కూర్చుని ఉన్నాడు. “మా ఊరాయన. స్టూడియో చూస్తానంటే తీసుకొచ్చాను” అని పొద్దున అందరికీ చెప్పింది తనే. మీ యాస వింటే నవ్వుతారు, లోపల నోరు విప్పకండని దారిలో ఆయనకు నూరిపోసిందీ తనే.

కళ్లు గట్టిగా మూసుకుంది.

“నాయినా!”

“ఏం తల్లీ?” అంటూ ముసలాయన దిగ్గున లేచాడు.

దర్శకుడి మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆ మాట నేరుగా ఆమె చెవుల్లో పడింది. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన మాత్రం అద్దంలోంచి ఆమె మొహమే చూశాడు. మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

“ఏమనుకోకండి బాబూ,” అన్నాడు దర్శకుడితో. “మా అమ్మాయి కూడా ఇట్లాగే పిలిచేది.”