నరసింహ రికార్డు

పాత టీవీ గేముల క్యాసెట్లు వెతికి, వాటిలోని ఆటలు చెరిగిపోకముందే కాపీ తీసి భద్రపరచడం నా పని. ఇంకెక్కడా దొరకని ఒక క్యాసెట్టు కోసం కర్నూలు నుంచి మైదుకూరుకు రావడం ఇది నాలుగోసారి.

ఒకప్పుడు అక్కడ వీడియో గేముల అంగడి నడిపిన నరసింహ ఈసారీ ఇవ్వనన్నాడు. "ఈ ఆటలో నన్ను కొట్టినోడు లేడప్పా. ప్రొద్దుటూరోళ్ళు గూడా ఈడికొచ్చి ఓడిపోయినారు" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మ కాఫీ తెచ్చింది. "ఇచ్చి పంపరాదా? దానికేమన్నా పూజ చేస్తాండావా?" అంది.

ఆమె మాట కాదనలేక తీసిచ్చాడు. లాప్‌టాప్‌కు కలిపాను. క్యాసెట్టులోని చిన్న బ్యాటరీ ఇంకా పనిచేస్తోంది. అప్పటి స్కోర్లు కూడా తెరమీదికి వచ్చాయి. మొదటి పది రికార్డుల పక్కనా ఇంగ్లీషులో ఒకటే పేరు: సుబ్బు.

ఆమె వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి, నరసింహ నా చెవి దగ్గరకు వంగాడు.

"పారేద్దామంటే మనసు రాలేదు. ఆ బ్యాటరీ సచ్చిపోతే పేర్లు పోతాయంట గదా, అది ఎప్పుడు సచ్చిపోతాదా అని ఇన్నేండ్లు దాచిపెట్టినా. నువ్వు కాపీ తీసేటప్పుడు ఆ పేరు ఒక్కటి తుడిచేయప్పా."

ఉన్నది ఉన్నట్టే దాచాలి, అదే మా నియమం. ఆ మాట ఆయనకు ఎలా చెప్పాలా అని తటపటాయిస్తున్నాను.

వంటింట్లోంచి సుబ్బలక్ష్మమ్మ గొంతు వినిపించింది.

"తుడిచేయి నాయనా. ఆయనకు ఆట రాదని తెలిసే చేసుకున్నా."