అరువు గొంతులు

"ఇవాళ వినాల్సిందే!" అంటూ అత్తగారు సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చునేసరికి, వంటింట్లో కోడలి గుండెల్లో రాయి పడింది.

"ఇప్పుడెందుకత్తయ్యా? అదంతా దెయ్యాల గోల. మీకు నచ్చదు."

"నచ్చకపోతే ఆపేస్తాం. రోజూ పాపని నా మీద వదిలేసి వెళ్లి నువ్వు ఏం వెలగబెడుతున్నావో నాకు తెలియొద్దూ?"

భర్త అప్పటికే ఫోన్‌ని స్పీకరుకి కలిపేశాడు. "మొదట్నుంచీ ఎవడు వింటాడే? దెయ్యం వచ్చే చోటు పెడతానుండు," అన్నాడు. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన ఆడపడుచు, భుజాన బ్యాగు కూడా తియ్యకుండా, "జరుగన్నయ్యా!" అని మధ్యలో దూరింది.

కోడలి పని పుస్తకాలు చదవడం. స్టూడియోలో అద్దాల గదిలో కూర్చుని మైకు ముందు నవలలు చదివితే, జనం ఫోన్లలో వింటారు. ఈసారి నెత్తిన పడింది ఒక దెయ్యాల నవల. పాత బంగళా, దాన్ని పంచుకోవడానికి చేరిన ఒక కుటుంబం. దెయ్యం సంగతి దేవుడెరుగు, ఆ మనుషుల్ని భరించడమే గగనమైపోయింది. తన నగలు తనే దాచుకుని, పోయాయని ఇల్లంతా ఏకం చేసే ముసలావిడ. ఏ తప్పూ తనది కాదనే పెద్దకొడుకు. అయినదానికీ కానిదానికీ ముక్కు చీదే కూతురు. ఒక్కళ్లంటే ఒక్కళ్లు మంచివాళ్లు లేరు. ఆ దెయ్యమేదో తొందరగా వచ్చి అందర్నీ మింగేస్తే ఇంటికెళ్లి కాస్త నడుం వాల్చొచ్చు కదా అని ఆమె ఎన్నిసార్లు అనుకుందో!

ఒక్క గొంతుతో ఇంతమందిని పలికించాలంటే గొంతులు ఎక్కడో అక్కడ అరువు తెచ్చుకోవాలి. అలిసిపోయిన మనిషి అరువుకి ఎంత దూరం పోతుంది? ఇంట్లోంచే తెచ్చేసుకుంది. ముసలావిడకి అత్తగారి సాగదీత, పెద్దకొడుక్కి భర్త నసుగుడు, కూతురికి ఆడపడుచు ముక్కుచీదుడు. వీళ్లెవరూ పుస్తకాలు వినే రకం కాదులే అని ధైర్యం.

ఇప్పుడు ముగ్గురూ చెవులు రిక్కించి వింటున్నారు. పోల్చుకున్నారంటే కొంప కొల్లేరే. పాపని చూడనని అత్తగారు ఒక్క మాట అంటే, రేపటి నుంచి స్టూడియో గుమ్మం తొక్కడం కల్ల. సోమవారం కొత్త పుస్తకం మొదలు. ఎంత ఒళ్లు హూనమైనా, ఈ లోకంలో ఆమెకంటూ ఉన్న చోటు ఆ అద్దాల గది ఒక్కటే. అది పోతే తను తట్టుకోలేదు.

బల్ల మీద వంటలు సర్ది చాలాసేపయింది. అన్నీ చల్లారిపోతున్నాయి. కానీ భోజనానికి రమ్మని పిలవడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు. నోరు విప్పితే ఎక్కడ నిలదీస్తారోనని తలుపు చాటునే నిలబడింది.

స్పీకరులో ముసలావిడ మొదలెట్టింది. "నా నగలూ... ఎవడు తీశాడ్రా... నా నగలూ..."

అత్తగారు ఒక్కసారిగా ముందుకు వంగింది. కోడలు కళ్లు మూసుకుంది.

"ఏమనుకోకమ్మాయ్," అంది అత్తగారు, గొంతు తగ్గించి. "ఆ ముసల్ది అచ్చం మీ అమ్మగారే."

కోడలు కళ్లు తెరిచింది. ఈలోగా పెద్దకొడుకు, "నేనేం చేశాను? నాకెవరైనా చెప్పారా? ముందే చెప్పాలి కదా!" అని నసిగాడు.

భర్త తొడ చరుచుకుని నవ్వాడు. "మా మేనేజరే! అచ్చుగుద్దినట్టు వాడే! ఏమోయ్, వాణ్ణి నువ్వెప్పుడు చూశావు?"

"ఆ కూతురుందే, ఛీ, ఎంతసేపూ ఏడుపేనా?" అంది ఆడపడుచు ముక్కు చీదుతూ. "మా ఆఫీసులో ఒకత్తుందిలే వదినా, దాన్ని నీకు చూపించాలి."

గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. ఆ మాట పుట్టించినవాళ్లెవరో గానీ వాళ్లకి మనసులోనే దణ్ణం పెట్టుకుంది కోడలు. నెత్తిమీది బండ దిగినట్టయింది. పాప గదిలో నిద్రపోతోంది, సోమవారం ఎక్కడికీ పోలేదు. పొద్దుట్నుంచీ చదివీ చదివీ గొంతు ఒరుసుకుపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. గోరువెచ్చని నీళ్లలో ఉప్పు కలిపి, సింకు దగ్గర నిలబడి ఒక పెద్ద గుక్క నోట్లో పోసుకుంది.

హాల్లో కథ ముదిరింది. బంగళాలో అందరూ కొట్టుకు చస్తున్నారు. ఇన్నాళ్లూ అడుగుల చప్పుడే తప్ప పెదవి విప్పని దెయ్యం, మెట్ల మీద నిలబడి మొదటిసారి మాట్లాడింది. అరవలేదు, గర్జించలేదు. ఓపిక ఉడిగిపోయిన ఆడగొంతు ఒకటి స్పీకరులోంచి మెల్లగా అడిగింది.

"ఎన్నిసార్లు పిలవాలి మిమ్మల్ని?"

"వస్తున్నాం, వస్తున్నాం!" అని ముగ్గురూ ఒక్కసారే లేచారు. "నేనప్పుడే లేద్దామనుకున్నాను, అన్నయ్యే కదల్లేదు వదినా!" అంటూ ఆడపడుచు, "నాకెవరైనా చెప్పారా?" అంటూ భర్త ఒకరినొకరు తోసుకుంటూ వంటింట్లోకొచ్చి కంచాల ముందు కూలబడ్డారు.

"లేస్తున్నాం కదే తల్లీ, ఎందుకంత విసుగు?" అంది అత్తగారు కోడలి వంక చూసి.

కోడలి నోటినిండా ఇంకా ఉప్పునీళ్లే ఉన్నాయి.