పొద్దుగూకకముందే

"పదింటికి బయలెల్లుదం. పన్నెండు లోపల నిర్మల్. మూడింటికి అక్కడ్నుంచి కదిలితే పొద్దుండంగనే గోదారి దాటుతం" అన్నాడు భూమేశ్వర్.

ఆర్మూర్ బస్టాండు ఎదుటి హోటల్లో చాయ్ తాగుతూ, జీపు డ్రైవర్ అంజన్నకు ఆ మాట చెప్పడం అది నాలుగోసారి.

"సమజైంది పటేలా. ఇంకోపారి చెప్తే నాకు నిద్రలో గూడ యాదికొస్తది" అన్నాడు అంజన్న.

నిర్మల్‌లో అత్తగారింట ఉన్న కూతురు కమలను, నెల నిండని మనవణ్ణి ఇంటికి తెచ్చుకునే రోజు అది.

పసిబిడ్డతో చీకట్లో గోదావరి దాటకూడదని వాళ్లింట్లో పట్టింపు. కమలకు మొదటి బిడ్డ దక్కలేదు. అందుకే ఈసారి భూమేశ్వర్ ఏ పట్టింపునూ వదలదలచుకోలేదు.

"ముప్కాల్ ఇవుతలి మలుపు గూడ పొద్దుండంగనే దాటుండ్రి."

ఎవరా అని ఇద్దరూ తిరిగి చూశారు.

పక్క బల్ల మీద ఒక ముసలాయన. ముందున్న చాయ్ చల్లారిపోయింది. చేతివేళ్ల నిండా గీతలు, గోళ్లన్నీ పగిలి ఉన్నాయి.

"గాడ ఏమున్నది?" అన్నాడు భూమేశ్వర్.

"నీ మక్కలే గదా పటేలా, గాడ ఎండుతున్నయ్."

భూమేశ్వర్ బల్ల మీంచి లేచాడు. ఈ మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదు.

ఆ మలుపు గురించి పది రోజులుగా కూలీలు ఒకటే గోల.

హైవే మీద సగం దాకా మొక్కజొన్న గింజలు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చడం అక్కడ అందరూ చేసే పనే. సాయంత్రం మక్కలు పక్కకు కుప్పచేసి, టార్పాలిన్ కప్పి ఇళ్లకు పోతారు. రాళ్లు ఎక్కడివక్కడే. తెల్లారితే మళ్లీ కావాలి కదా, ఎవడు మోస్తాడు!

కానీ పొద్దున వచ్చి చూస్తే రాళ్లన్నీ వేపచెట్టు కింద ఉంటున్నాయి.

మునిమాపు వేళ రోడ్డు నడుమ ఎవరో వంగుతూ లేస్తూ కనపడ్డారని ఇద్దరు చెప్పారు. పోయిన ఏడు అక్కడ స్కూటర్ మీంచి పడి చచ్చిపోయినవాడే తిరుగుతున్నాడని వాళ్ల భయం. ఒకామె పనికి రావడమే మానేసింది.

భూమేశ్వర్‌కు దయ్యాల మీద నమ్మకం లేదు. దొంగల మీద మాత్రం బాగా ఉంది.

"రోజూ పొద్దుగూకంగ గాడికి వచ్చేది నువ్వేనా?"

"నేనే."

"మక్కల కోసమా?"

"ఒక్క గింజ ముట్టలె పటేలా."

"మరి దేనికి?"

ముసలాయన తల వంచుకున్నాడు.

"పేరేంది? ఏ ఊరు?"

"ఏసయ్య. దొంకేశ్వర్."

దొంకేశ్వర్ నుంచి అంత దూరం రోజూ చీకటి వేళకు వచ్చేవాడు దొంగ కాక మరేమిటి? భూమేశ్వర్ ఇక ఆలోచించలేదు. రెక్క పట్టుకుని పక్క సందులో ఉన్న తన పసుపు గోదాంకు లాక్కుపోయాడు. కావలి ఉండే హన్మయ్యకు అప్పగించి తాళం వేయించాడు.

"నేను వచ్చిందాక ఇడువకు."

ఏసయ్య పెనుగులాడలేదు. తలుపు సందులోంచి మాట మాత్రం వినపడింది.

"పొద్దుగూకకముందు ఇడిచిపెట్టు పటేలా. గాడ ఒక్క గంట పని ఉన్నది. చేసుకొని మళ్లొచ్చి నీ గోదాంలనే కూసుంట."

అంజన్నకు మనసొప్పలేదు.

"గా మాటేంది, గా చూపేంది పటేలా! రేపు పోదమా?"

"రేపు రోజు మంచిగ లేదు. నడువు."

అనుకున్నట్టే పదింటికి బయలుదేరారు. అనుకున్నట్టే పన్నెండు లోపల చేరారు. ఆపైన ఏదీ అనుకున్నట్టు జరగలేదు. వియ్యపురాలు అన్నం తిననిదే కదలనివ్వనంది. బిడ్డకు దిష్టి తీశారు, పాలిచ్చారు, మూటలు కట్టారు. ఐదయింది.

సోన్ వంతెన ఎక్కేసరికి పొద్దు ఇంకా చిటికెడు మిగిలి ఉంది. భూమేశ్వర్ ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు.

వంతెన దిగాక గోదావరికి దండం పెట్టి, "గండం గడిచింది బిడ్డా" అన్నాడు కూతురితో.

బిడ్డ పాలకు ఏడిస్తే దారిలో చాలాసేపు ఆగారు. ముప్కాల్ దాటేసరికి బాగా చీకటి పడింది. అంజన్న జీపును పరుగెత్తిస్తున్నాడు.

ముందు మలుపు.

కూలీలు ఈపాటికి ఇళ్లకు పోయి ఉంటారు. రాళ్లు రోడ్డు మీదే ఉంటాయి. వాటిని తీసే మనిషి గోదాంలో ఉన్నాడు.

ముసలాయన చెప్పిన గంట పని ఏమిటో భూమేశ్వర్‌కు అప్పుడు తట్టింది.

"అంజన్నా, బ్రేక్ ఎయ్!"

అప్పటికే జీపు మలుపు తిరిగింది. కమల బిడ్డను గుండెకు అదుముకుంది.

ఏదీ తగల్లేదు. జీపు కొంత దూరం జారి ఆగింది.

దీపాల వెలుగులో రోడ్డు శుభ్రంగా ఉంది. ఒక్క రాయి లేదు.

గోదాంకు తాళం పడింది తన కళ్ల ముందే. మరి ఎవరు తీశారు? దయ్యాలను నమ్మని భూమేశ్వర్‌కు కూలీల మాటలే గుర్తొచ్చాయి. దిగి చూశాడు.

వేపచెట్టు కింద ఎవరో కూర్చున్నారు.

హన్మయ్య. అతని ఒడిలో ఏసయ్య తల. ఆయన చేతిలో ఇంకా ఒక రాయి ఉంది.

"ఆఖరి రాయి తీస్తుంటె లారీ గుద్దింది పటేలా. ఆగకుంటనే పోయింది. పానం పోయింది."

భూమేశ్వర్ వాళ్ల పక్కన మట్టిలో కూలబడ్డాడు.

"పొద్దు వాలుతుంటె తలుపు కొట్టుకుంట ఒకటే ఏడ్చిండు. ఆగబట్టలేక తాళం తీసి ఎంబడే వచ్చిన. జర ఎలుగుండంగ వస్తె లారీకి కనపడుతుండె."

"ఎవరు హన్మయ్యా ఈయన?"

హన్మయ్య ఆ చేతిలోని రాయిని మెల్లగా తీసి పక్కన పెట్టాడు.

"పోయిన ఏడు గీడ మన రాళ్లు తాకి స్కూటర్ మీదికెళ్లి పడి పోయినోడు, గీయనకు ఒక్కడే కొడుకట పటేలా."