దెల్ఫీనా వంతు దారి

"దొంగ! మా రాళ్లు పీకుతున్నావా?"

కర్ర ఎత్తి దెల్ఫీనా అరిచిన అరుపుకు కొండవాలున మేస్తున్న పదకొండు ఆవులూ ఒక్కసారే తలలెత్తాయి.

గులకరాళ్ల దారికి అడ్డంగా వేసిన నీటికాలువ పక్కన గొంతుక్కూర్చున్న పొడుగుమనిషి మెల్లగా లేచాడు. అరవై దాటినవాడు. మోచేతుల దాకా బురద. చేతిలో పొట్టి పార. లావు టైర్ల సైకిలు గట్టుకు ఆనించి ఉంది.

"కాదు సిన్యోరా. నిన్నటి వానకు కాలువ పూడిపోతేనూ..."

"పూడితే నీకేం? నువ్వేమన్నా ఈ కొండవాడివా?"

దిగువ నుంచి వచ్చి కోర్వో సరస్సు చుట్టూ తిరిగే సైకిళ్లంటేనే ఆమెకు ఒళ్లుమంట. మంచు కరిగి దారి తేలిందంటే చాలు, గుంపులు గుంపులుగా దిగుతారు. కంచె తీసి వదిలేస్తారు. ఆవుల్ని బెదరగొడతారు. అందులో ఈ మనిషి మరీను. సరస్సు చుట్టూ అన్ని దారులుండగా, వాన వెలిసిన మర్నాడల్లా వచ్చి ఆమె వంతు దారి మీదే తచ్చాడతాడు.

"రెమీజియో నాకు..." అన్నాడతను.

"నా మొగుడి పేరెత్తావంటే నాలుక కోస్తా!"

పేరు తెలియడంలో వింతేముంది? ఊట దగ్గరి బండ మీద చెక్కే ఉంది. దారిన పోయే ప్రతివాడూ చదివేదే.

పార లాక్కుని, గుడిసె వెనక కట్టెల మోపు మీదకు విసిరేసింది.

అతను ఖాళీ చేతులు దులుపుకున్నాడు.

"ఇంకా మూడు కాలువలు మిగిలాయి సిన్యోరా," అని సైకిలెక్కాడు.

"మూడు మిగిలాయట! మళ్లీ లెక్కొకటి!"

సాయంత్రం పాలబండి దగ్గర పక్క మేతవాడు సెవెరీనో విని అడిగాడు.

"గుర్తు చూశావా?"

ఆ కొండ మీద ప్రతి ఇంటికీ ఓ గుర్తుంటుంది. పనిముట్ల పిడి మీద చెక్కుకుంటారు. ఎవరికైనా ఇష్టపడి ఇచ్చేస్తే, ఇచ్చినవాడే తన కత్తితో గుర్తు కింద అడ్డగీత గీస్తాడు. గీత లేకుండా పట్టుకున్నవాడు దొంగ. దొంగ అనేముందు గుర్తు చూడాలి, అది పద్ధతి.

"దొంగ చేతి పారకు గుర్తేమిటోయ్! పిడి నిండా అరచెయ్యి మందాన బురద."

"కడిగితే పోయేదిగా."

"అంత ముద్దొస్తే నువ్వొచ్చి కడుగు."

"నీ నోటికి జడిసే రెమీజియో ముందుగా వెళ్లిపోయాడు, పాపం."

"ఆయన పోయి నాలుగేళ్లయినా ఆయన వేసిన దారి చెక్కుచెదరలేదు. బతికున్నవాడివి, నీ దారి చూసుకో. చక్రం దిగబడుతోంది."

అదీ నిజమే. సరస్సు దారిని మేతవాళ్లంతా వంతులుగా పంచుకున్నారు. ఎవరి వంతులో దారి తెగి పాలబండి ఆగిపోతే, వాళ్లకు మరుసటి వేసవికి మేత హక్కు ఉండదు. అందుకే వాన పడితే మిగతావాళ్లంతా పారలు పట్టుకుని పరుగెత్తేవాళ్లు. దెల్ఫీనా మాత్రం నాలుగేళ్లుగా ఒక్క కాలువా ముట్టుకోలేదు. అయినా ఆమె వంతే గట్టిగా ఉండేది.

"పనివాడి చెయ్యి అలాంటిది," అనేది అందరితో. "ఆఖరి వేసవిలో నడుం వంగకపోయినా దారిని అద్దంలా ఉంచాడు మహానుభావుడు."

ఆదివారం మేతవాళ్ల కూటంలో ఆమే లేచింది.

"ఈ ఒడ్డున సైకిళ్లు తిరగడానికి వీల్లేదు. తిరిగితే అవతలి ఒడ్డున తిరగమనండి."

చేతులన్నీ లేచాయి. సెవెరీనో చెయ్యి కూడా. దారి రెండు కొసలా పలకలు పాతారు.

పొడుగుమనిషి మరొక్కసారి వచ్చాడు. పలక దగ్గరే ఆగి, హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు.

"చదువు రాదా?" పైనుంచి కేకేసింది దెల్ఫీనా.

అతను చెయ్యెత్తి కనుమ వైపు చూపించాడు. అక్కడ ఆకాశం నల్లగా కమ్ముకొస్తోంది.

"ఆ మూడు కాలువలూ ఎవరితోనన్నా తీయించండి సిన్యోరా. అవి తీస్తే చాలు."

"పోతావా, కుక్కను వదలనా?"

అతను సైకిలు తిప్పుకున్నాడు. మళ్లీ ఆ ఒడ్డున కనిపించలేదు.

వాన మూడు రోజులు కురిసింది. పూడిన కాలువల మీదుగా నీళ్లు దొర్లి, దారి పట్టుకునే కిందికి పరుగెత్తాయి. నాలుగో రోజు పొద్దున మూడో కాలువ కింద దారి లేదు. మనిషి లోతు గండి ఉంది. గండికి అవతలే పాలబండి ఆగిపోయింది.

"పనివాడి చెయ్యి ఏమైంది దెల్ఫీనా?" అన్నాడు సెవెరీనో.



కూటం మళ్లీ కూర్చుంది. వచ్చే వేసవి ఆమె మేత వేరే ఇంటికి రాశారు. ఎవరూ జాలిపడలేదు. జాలిపడేలా ఆమె ఎవరితోనూ ఒక్క మంచి మాట అని ఉండలేదు మరి.

సెప్టెంబరులో ఆవుల్ని దిగువకు తోలే రోజు వచ్చింది. ముప్పై ఏళ్లు వేసవులన్నీ గడిపిన గుడిసెను ఖాళీ చేస్తూ, ఆఖరున కట్టెల మోపు దగ్గరికి వెళ్లింది. పార అక్కడే పడి ఉంది.

ఆమె చెయ్యని పని వాన చేసింది. పిడి మీద బురద పొడ కూడా లేదు.

అక్కడ తమ ఇంటి గుర్తు ఉంది, దాని కింద ఎడమకు వాలిన అడ్డగీత ఉంది, ఆ కొండ మీద ఎడమచేత్తో కత్తి పట్టేవాడు రెమీజియో ఒక్కడే.