కన్నీటి పాటలు

మా హోటల్‌కి వచ్చేవారిలో ఎక్కువమంది పెద్దవాళ్లే. ఇప్పుడు అన్నిచోట్లా ఉన్నట్టే మా కుర్చీలు కూడా, కూర్చున్నవారి మనసులో దాగిన పాటను పట్టి, వారి చెవికి మాత్రమే వినిపిస్తాయి. ఏకాదశినాడు దీపం పెట్టి లేచేసరికి గల్లా దగ్గరున్న కుర్చీల తెరమీద ఒక ప్రశ్న కనిపించింది: "ఏడిపించే పాటలు తీసేయమంటారా?" పెద్దవాళ్ల దుఃఖం తగ్గించడం పుణ్యమే కదా అని సరేనన్నాను.

మర్నాడు, రోజూ వచ్చే కామేశంగారు ఇడ్లీ ముట్టకుండా కూర్చున్నారు.

"ఏంటండీ, చట్నీ బాలేదా?"

"చట్నీకేం, ఎప్పట్లాగే ఉప్పు కషాయం. నా పాటేదయ్యా? మా ఆవిడ పిండి రుబ్బుతూ పాడుకునేది. ఆవిడ పోయాక ఈ కుర్చీలోనే వినపడింది."

"అది మిమ్మల్ని ఏడిపిస్తోందనండీ..."

"ఏడవడానికే వస్తున్నానయ్యా! ఇడ్లీలు మా కోడలు నీకంటే బాగా చేస్తుంది."

తీసేసిన పాట తిరిగి రాదని కుర్చీల కంపెనీవాళ్లు చెప్పారు. నాకు భజనలు పాడే అలవాటుంది.

"ఒక్క చరణం అనండి, నేను పట్టుకుంటాను," అన్నాను.

ఆయన నోరు తెరిచారు. రాగం అందక మూసేశారు.

"ఎప్పుడూ వినడమే గానీ, నేను పాడిందెప్పుడయ్యా?"

ఆయన కళ్లు పొడిగా ఉన్నాయి. నేను పుణ్యమనుకుని కోరింది అదే.