నడక చూసి కట్టిన ధర

“మెట్టెక్కొద్దు. ఆడే నిలబడి చెప్పు,” అన్నాడు బలరామయ్య అరుగు మీంచి.

మోహన్‌రాజ్ ఎండలోనే నిలబడిపోయాడు. వేలూరులో మందుల కంపెనీ లెక్కలు చూసే అధికారి అతను. గుడియాత్తం దాటి, మోర్ధానా రోడ్డు పట్టుకుని ఇంతదూరం వస్తే కూర్చోమన్నవాళ్ళు లేరు, మంచినీళ్ళ మాట ఎత్తినవాళ్ళు లేరు. కారు ఆగేసరికి తోలుసంచి పట్టుకున్న మనిషొకడు ఆ ఇంట్లోంచి వచ్చి స్కూటరెక్కి పోయాడు. ఎవరని అడిగితే, ఆవుకు జ్వరమొస్తే సూది వేసి పోతున్నాడని బలరామయ్య భార్య ముత్తమ్మ ముక్తసరిగా చెప్పి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

ఆరేళ్ళ కిందట బలరామయ్య దగ్గర కంపెనీ ఒక మందు కొన్నది. వాళ్ళ నాయన ఆకులు నూరి చేసిన మోకాళ్ళ నొప్పి మందు. అప్పుడు చేతిలో పెట్టింది కొంచెమే. పరీక్షల్లో నెగ్గి బజారుకొస్తే ఇంకో రెండు కోట్లు ఇస్తామని రాసిచ్చింది. ప్రతి మార్చిలోనూ మోహన్‌రాజ్‌కు తలనొప్పి తెచ్చేది ఆ రాతే. కంపెనీకి ఉన్న ఆస్తికీ, ఇవ్వాల్సిన బాకీకీ ఏడాది లెక్కలు ముగించే రోజుకు ఎంత పలుకుతుందో సరసమైన ధర కట్టి చూపించాలి. స్థలానికైతే పక్క స్థలం ధర ఉంటుంది, షేర్లకైతే మార్కెట్టు ఉంటుంది. ఈ బాకీని ఏ సంతలో అడగాలి? మందు నెగ్గడానికి పదింట ఒక వంతు అవకాశం అనుకుని ఇన్నాళ్ళూ ఇరవై లక్షలు వేసుకుంటూ వచ్చాడు. జూన్‌లో పరీక్షల ఫలితాలు వస్తాయి. నెగ్గిందంటే నెత్తిన రెండు కోట్లు పడతాయి.

అందుకే పై అధికారి కాంచన అతన్ని పిలిచి ఉపాయం చెప్పింది. “ఆ పెద్దాయన ఏండ్ల తరబడి ఆ మందే తింటా ఉండాడంట. పోయి ఆయన మోకాళ్ళు చూడు. కుంటుతా ఉంటే ఒక్క రూపాయి కూడా ఇయ్యకుండా వచ్చేయ్. బాగా నడుస్తా ఉంటే అరవై లక్షల లోపల ముగించి, హక్కు వదులుకున్నట్టు సంతకం తీసుకో. జూన్ మాట మాత్రం ఎత్తొద్దు.”

ముసలాయన నోటిదగ్గర కూడు లాక్కుంటున్నామే అన్న జాలి మోహన్‌రాజ్‌కు మొదట కాస్త ఉండేది. దారిలో డ్రైవరు అరుణాచలం అది కూడా పోగొట్టాడు. బలరామయ్య ఒకప్పుడు గుడియాత్తం సంతలో ఎద్దుల బేరగాడట. ఆయన దగ్గర ఎద్దును కొన్నవాడు మళ్ళీ ఆయన మొహం చూసేవాడు కాదట.

మోహన్‌రాజ్ గొంతు సవరించుకుని, మందు నెగ్గేది అనుమానమేననీ, రాని రెండు కోట్లకన్నా చేతికొచ్చే పాతిక లక్షలు మేలనీ చెప్పుకొచ్చాడు. బలరామయ్య తుపుక్కున ఉమ్మాడు.

“నెగ్గదని తెలిసీ పాతిక లక్షలు ఎందుకిస్తా ఉండావప్పా? నీ అబ్బ సొమ్మా?”

మోహన్‌రాజ్ మొహం మాడిపోయింది. మాట మార్చి, ఒంట్లో ఎట్లుందని అడిగాడు.

“నువ్వు రెండు దినాల ముందు ఫోన్ చేసినప్పుడే తెలుసు, నా మోకాళ్ళు చూసేదానికి వస్తా ఉండావని. ఎద్దునైనా నడిపించి చూసే కదా ధర కట్టేది. రా, చూసుకో.”

గోడ పట్టుకోకుండా, కర్ర ముట్టుకోకుండా, ఎత్తైన ఆ మెట్లన్నీ చకచకా దిగాడు బలరామయ్య. కొబ్బరి మట్టలు తప్ప ఏమీ లేని పశువుల కొట్టం పక్కనుంచి గట్టెక్కి బోరు దాకా నడిచాడు. వెనక మోహన్‌రాజ్ రొప్పుతూ పరిగెత్తాల్సి వచ్చింది. ఎండు రొట్టె తినే పట్నం కాళ్ళని ఒకసారి, బూట్లతో గట్టు తెగ్గొడతావా అని ఇంకోసారి తిట్లు తినాల్సి వచ్చింది. బోరు దగ్గర బలరామయ్య గొంతుక్కూర్చుని నీళ్ళు తాగి, చెయ్యి ఆనించకుండానే లేచాడు. మోహన్‌రాజ్‌కు ఆ ముసలాయన మీద ఒళ్ళు మండుతోంది. మండుతూనే నలభై అన్నాడు, యాభై అన్నాడు.

“మీరే ఆలోచించండి అయ్యా. అరవై. దీనికి మించి నా చేతిలో లేదు.”

“పీనుగ మీద పేలాలు ఏరుకునే జాతి మీది,” అన్నాడు బలరామయ్య. “సరి, ఇయ్యి. దుడ్డు ఇప్పుడే పడాల. పొద్దు నడినెత్తికొచ్చిందంటే కోటి ఇచ్చినా నా మాట ఉండదు.”

ఇంటి ముందు, కారు మీదే కాగితాలు పరిచారు. బలరామయ్య నిలబడే అరవంలో సంతకం గీకాడు. మోహన్‌రాజ్ కాంచనకు ఫోన్ చేసి డబ్బు వేయించాడు. డబ్బు పడిందని ముత్తమ్మ ఫోన్ చూసి తల ఊపింది. మర్యాదకని మోహన్‌రాజ్ చేతులు జోడించాడు.

“దండాలు చాల్లే. ముందు నువ్వు కదులు,” అన్నాడు బలరామయ్య, మెట్ల కింద గుంజలాగా నిలబడి.

ఆ సందులో కారు తిప్పే చోటు లేదు. మోర్ధానా ఆనకట్ట దాకా పోయి తిప్పుకు రావాల్సిందేనన్నాడు అరుణాచలం. మోహన్‌రాజ్‌కు అదీ బాగానే ఉంది. ఆనకట్ట మీద గాలికి నిలబడి కాంచనకు మళ్ళీ ఫోన్ చేశాడు. ముసలాడు మేకలాగా గట్లెక్కుతున్నాడనీ, మందు నెగ్గి తీరుతుందనీ, కోటీ నలభై లక్షలు మిగిల్చాననీ చెప్పాడు. కాంచన ఎప్పుడూ లేనిది శభాష్ అన్నది. ఆరేళ్ళలో మొదటిసారి ఆ బాకీకి కళ్ళారా చూసి ధర కట్టానని అతని గుండె ఉబ్బింది.

పొద్దు నడినెత్తికొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు కారు మళ్ళీ ఆ ఇంటి ముందు నుంచే పోవాలి. వాకిట్లో ఇందాకటి స్కూటరు నిలబడి ఉంది. ఓడిపోయినవాడి మొహం ఎట్లుంటుందో ఒకసారి చూసిపోదామని మోహన్‌రాజ్ కారు అద్దం దించాడు.

ముత్తమ్మా, తోలుసంచి మనిషీ కలిసి బలరామయ్యను మోసుకుంటూ మెట్లెక్కుతున్నారు.