తక్కువ మార్కులు

పుష్పలత తెలివితక్కువదని చంద్రికకు రెండో ప్రశ్నకే తేలిపోయింది.

"అరబ్బీ వచ్చా అమ్మా?" అని అడిగాడు సూరిబాబు.

"మామాతో కొట్లాడేంత వచ్చు సారూ," అని నవ్వింది పుష్పలత. పనిచేసే ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అంటారు.

గోడకు ఆనుకుని తన వంతు కోసం చూస్తున్న చంద్రిక పెదవి విరిచింది. ఇద్దరిదీ రాయచోటి దగ్గరే. కువైట్‌లోని ఫహాహీల్‌లో ఈ ఒక్క గదిలో ఉంటూ, గంటల లెక్కన ఇళ్లు తుడిచి బతుకుతున్నారు.

సూరిబాబు కోనసీమ మనిషి. తుఫాను వచ్చిపోయిన ఊళ్లలో గడప గడపకూ తిరిగి, ఇంకో దెబ్బ తగిలితే ఏ ఇల్లు తట్టుకుంటుందో, ఏది కూలుతుందో కొలిచే ఉద్యోగం చేసి వచ్చాడట. ఇక్కడ మనుషులను అదే లెక్కన కొలుస్తున్నాడు. ఆసరా ఉంటే ఒక మార్కు, లేకపోతే సున్నా. ఒక్కరినే ఎంపిక చేస్తామన్నాడు. ఎందుకో చెప్పలేదు. దిక్కులేనివాళ్లకు సాయం చేసే సంఘం అయ్యుంటుందని గది అద్దెకిచ్చిన మద్దమ్మ అంది. అందరూ అదే నమ్మారు.

చంద్రికకు ఆ సాయం కావాలి. పోయిన నెల గాలివానకు ఊళ్లో ఆమె ఇంటి రేకులు లేచిపోయాయి. నడవలేని మొగుడు, చిన్న కూతురు బడి వరండాలో పడుకుంటున్నారు.

పుష్పలత మాత్రం తనకున్నవన్నీ ఏకరువు పెడుతోంది. ఫోను నిండా తెలిసినవాళ్ల నంబర్లే. ఎంబసీకి ఏ బస్సెక్కాలో తెలుసు. మరిది ఈ దేశంలోనే, మిర్కాబ్‌లో దుకాణంలో పనిచేస్తాడు. ఒక్క పూట కబురు లేకపోయినా వెతుక్కుంటూ వచ్చేస్తాడు. సూరిబాబు ఆవలించాడు. మిగతాది వినకుండానే చాలన్నాడు.

"బుద్ధుందా మే నీకు?" అంది చంద్రిక గొంతు తగ్గించి. "అన్నీ ఉండాయని డప్పు కొట్టుకుంటే నీకెందుకు ఇస్తారు?"

"ఉన్నోళ్లని లేరని ఎట్ల చెప్పేది మే?"

 నెత్తిన పైకప్పు ఉన్నవాళ్లకే నిజం చెప్పే తీరిక ఉంటుందనుకుంది చంద్రిక.

ఆమె వంతు వచ్చింది. అరబ్బీ రాదంది. ఎంబసీ ఎక్కడుందో తెలియదంది. చదువు లేదంది. అబద్ధాలు ఒకదాని వెంట ఒకటి సులువుగా వచ్చాయి.

"కువైట్‌లో నీవాళ్లు ఎవరున్నారు?"

సులైబియాలో కూరగాయల తోటలో ఆమె సొంత అన్న పెంచల్ ఉన్నాడు. ప్రతి శుక్రవారం రెండు బస్సులు మారి వస్తాడు. వచ్చినప్పుడల్లా, ఎవరేమన్నా నేనున్నానని చెప్పి పోతాడు.

"ఎవురూ లేరు సారూ."

పుష్పలత తలెత్తి చూసింది. చంద్రిక ఆ చూపును పట్టించుకోలేదు. లేడు అనగానే అన్న నిజంగానే లేకుండా పోయినట్టయింది. గుండెలో ఏదో ముల్లు గుచ్చుకుంటుందనుకుంది గానీ ఏమీ గుచ్చుకోలేదు. పైగా తేలికగా ఉంది.

సూరిబాబు అంత త్వరగా నమ్మే మనిషి కాదు. ఆవును పక్కింటి పాకలో కట్టేసి, ఏమీ మిగల్లేదని ఏడ్చినవాళ్లను ఎందరినో చూశాడు. పేదవాళ్ల ఏడుపంటే అతనికి రోత.

"ఫోను చూపించమ్మా," అన్నాడు.

చంద్రిక వెంటనే అందించింది. పొద్దునే అన్న నంబరు తీసేసింది. అది ఆమెకు నోటికి రాదు. శుక్రవారం ఎలాగూ వస్తాడు, అప్పుడు మళ్లీ ఎక్కించుకోవచ్చు.

ఫోనులో ఊరి నంబరు, మద్దమ్మ నంబరు తప్ప ఏమీ లేవు. సూరిబాబు తను కూర్చున్న కుర్చీని ఆమె వైపు కాస్త జరుపుకున్నాడు.

"నెల రోజులు నీ దగ్గర్నుంచి కబురు లేదనుకో. ఎవరు వెతుకుతారు?"

"నేను బతికినా చచ్చినా ఎవురికి పట్టింది సారూ," అంది చంద్రిక. ఆ మాటకు తనకే కన్నీళ్లొచ్చాయి. ఎంత బాగా ఏడుస్తున్నానని లోపల మరో చంద్రిక మెచ్చుకుంది.

సూరిబాబు రాయడం ఆపి లేచాడు. "ఒక్క మార్కు కూడా రాలేదమ్మా నీకు," అన్నాడు. గొంతులో మొదటిసారి మర్యాద వినిపించింది. "ఎంపికైంది నువ్వే."

చంద్రిక పుష్పలత వైపు చూసింది. గెలిచినవాళ్లు ఓడినవాళ్లను చూసే చూపు. పుష్పలత తల దించుకుంది.

సూరిబాబు మెట్లు దిగుతూనే ఫోను చేసి, "మేడమ్, ముగ్గురు పనిమనుషులు పారిపోయారన్నారు కదా, ఈసారి పారిపోవడానికి చోటే లేని మనిషిని వెతికిపెట్టాను," అన్నాడు.